కాలిక్యులేటర్ యాప్‌లో స్థిరాంకాలు వాడే ముందు జాగ్రత్తలు

భీమవరం చెరువు గట్టు మీద పంపు లెక్కైనా, కాకినాడలో ల్యాబ్ రికార్డైనా, యాప్‌లో రెడీగా ఉన్న స్థిరాంకం నొక్కే ముందు ఇవి చూసుకోండి.

- ‘ఇ’ ఏ ఇ? మామూలు బటనైతే 2.71828, భౌతిక స్థిరాంకాల జాబితాలోదైతే ఎలక్ట్రాన్ ఆవేశం, 1.602176634×10⁻¹⁹ కూలుంబులు. మళ్లీ తెర మీద అంకెల మధ్య కనిపించే ఇ ఈ రెండూ కాదు, పదికి ఘాతం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.
- చిన్న జి (గురుత్వ త్వరణం), పెద్ద జి (విశ్వ గురుత్వాకర్షణ స్థిరాంకం) వేరు. చిన్న జికి యాప్ ఇచ్చే 9.80665 అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రామాణిక విలువ. మన డెల్టాలో అసలు విలువ సుమారు 9.78. పంపు లెక్కకి ఈ తేడా లెక్కలోకే రాదు గానీ, లోలకం ప్రయోగంలో 9.78 వచ్చిందని కంగారుపడి రీడింగులు దిద్దేయకండి.
- యాప్ పాతదా? బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం తెరిచి చూడండి. సరిగ్గా 1.380649×10⁻²³ ఉంటే 2019 మే 20 నుంచి అమల్లో ఉన్న విలువ. చివరి అంకెలు వేరుగా ఉంటే పాతది, అయినా ఇంటర్ లెక్కలకి ఏం టెన్షన్ లేదు.
- వాయు స్థిరాంకం 8.314 జూళ్లలో. పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే 0.0821 కావాలి.
- పరీక్షలో మాత్రం ప్రశ్నపత్రంలో ఇచ్చిన విలువే వేయండి.