సంగీత విద్వాంసులు కాపురమున్న ఇంట్లో దిగుతున్నారా?

వైజాగ్ వన్ టౌన్‌లో పాత ఇల్లు చూడ్డానికి వెళ్తే బ్రోకర్ గుమ్మంలోనే అంటాడు, "ఫలానా విద్వాంసుడున్న ఇల్లండీ ఇది" అని. ఆ ఒక్క మాటకి అద్దె పెరుగుతుంది. నిజమే అయ్యుండొచ్చు, కానీ అడ్వాన్సు ఇచ్చేముందు కాస్త లెక్క చూసుకోండి. ఘంటసాల చదువుకునే రోజుల్లో ఇక్కడే ఉండేవారంటే నమ్మకండి, ఆయన సంగీతం నేర్చుకున్నది విజయనగరంలో, ఆశ్రయమిచ్చింది అక్కడి గురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు చెబితే మాత్రం వెంటనే కొట్టిపారేయొద్దు, ఆయన పెరిగింది విశాఖలోనే. కాకపోతే 1919లోనే విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరిపోయారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు. కాబట్టి ఆ మధ్యకాలంలో రోజూ ఈ అరుగు మీదే సాధకం చేసేవారని ఎవరైనా అంటే వినేసి ఊరుకోవడమే.

ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయిస్తే ఓనర్ల పేర్లు వస్తాయి తప్ప అద్దెకున్నాయన పేరు రాదు. దానికన్నా పాత ఉత్తరాలు నయం. విశాఖలో ఆకాశవాణి 1963లో మొదలైంది, పాడటానికి పిలిచినప్పుడు ఆర్టిస్టులకు కాంట్రాక్టు కాగితం పోస్టులో వచ్చేది. మా అటక మీద అలాంటిదొకటి దొరికింది. మడత దగ్గర చిరిగిపోయి, ఓ అంచు చెదలు తినేసి ఉంది, కానీ డోర్ నంబరూ ప్రసారం తేదీ చక్కగా చదవొచ్చు. దాన్ని పాత ఇంటిపన్ను రసీదుతో సరిచూశాకే నాకు నమ్మకం కుదిరింది.

అటక మీద వీణో తంబురానో కనబడితే ముందు ఆ ఇంటివాళ్లకి చెప్పండి, అది మీది కాదు, అగ్రిమెంటులో కూడా ఆ ముక్క రాయించండి. తీసుకెళ్లేదాకా మీ దగ్గరే ఉంచమంటే తడిగుడ్డ తగలనివ్వకండి, పొడిగుడ్డతో తుడవండి చాలు. తీగలు బిగుతుగా ఉంటే కాస్త వదులు చేయండి, సముద్రపు గాలికి ఎలాగూ తుప్పు పడతాయి. వీణ మెట్లు మైనంలో కూర్చినవి, ఎండ తగిలితే కదిలిపోతాయి, అందుకని కిటికీ పక్కన పెట్టకూడదు. క్యాసెట్లకి బూజు పడితే ఒక్కసారి విందామని కూడా ప్లేయర్లో వేయకండి, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించండి.

గోడలు సున్నంతో కట్టినవైతే వాటిమీద సిమెంటు పూయించొద్దు, తేమ లోపలే ఉండిపోయి పెచ్చులు ఊడతాయి. సున్నమే పూసి వెల్ల వేయిస్తే మంచిది. ఏసీ కోసం ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దు, ఎత్తయిన కప్పు కింద గొంతు ఎలా మోగుతుందో ఓసారి ఖాళీ గదిలో పాడి చూడండి, మీకు పాట రాకపోయినా.

ఇక వచ్చేపోయేవాళ్లు. అసలు టెన్షన్ ఇక్కడే. కళాభారతిలో కచేరీ ఉంటే మర్నాడు పొద్దున్నే, మీరింకా లుంగీలో ఉండగానే, ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడతారు. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా, ముందుగది వరకే అని మొహమాటం లేకుండా చెప్పేయండి. పాత శిష్యులొస్తే మాత్రం టైము చూడకండి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డింగ్ పెట్టుకోండి. ఆయన ఎంత గొప్పవారని అడిగితే పుస్తకాల్లో ఉన్నదే చెబుతారు. పాఠం ఏ గదిలో, ఆయన ఏ గోడకి ఆనుకుని కూర్చునేవారు, తప్పు పాడితే ఏమనేవారు అని అడగాలి, అప్పుడు మొదలవుతుంది అసలు కబుర్ల వరస.

గోడకి ఫలకం పెట్టాలనిపిస్తే ఓనరూ, విద్వాంసుడి కుటుంబం ఇద్దరూ ఒప్పుకోవాలి. లండన్ బ్రూక్ స్ట్రీట్‌లో 25వ నంబరు ఇంటికి సంగీతకర్త హాండెల్ పేరుతో, పక్కనే 23కి జిమీ హెండ్రిక్స్ పేరుతో నీలం ఫలకాలున్నాయి. హెండ్రిక్స్ దాంట్లో పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు, గిటారిస్టు, పాటల రచయిత అన్న ముక్క, అక్కడున్న 1968-69 సంవత్సరాలు, అంతే. మనవాళ్లు గాన గంధర్వ, నాదబ్రహ్మ అంటూ మొదలుపెడితే గోడ చాలదు, ఒప్పుకోకండి. కాలింగ్ బెల్లు ఫలకానికి దూరంగా పెట్టించండి, లేకపోతే చదివిన ప్రతివాడూ నొక్కి చూస్తాడు.