మాటల మూలాలు – 7వ పాఠం: విక్సెన్

పోయిన పాఠంలో ఇంగ్లీషు ఆక్స్‌కి (ఎద్దు) బహువచనం ఆక్సెన్ అని చెప్పి, చివర ‘ఎన్’ కనిపిస్తే అది పాతకాలపు బహువచనమేనని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఫలితం ఈ వారం అనుభవించాను. అభ్యాసంలో ‘విక్సెన్’ ఇస్తే, సగానికి పైగా “ఒక విక్స్, రెండు విక్సెన్” అని రాసి పంపారు. జలుబుకి రాసుకునే విక్స్ తెలుసు గానీ, విక్స్ అనే జంతువు లేదండీ. తప్పు నాదే. ఈ పాఠంలో చెప్పాల్సిన ఆడగుర్రం, ఆడగొర్రె మాటలు ఈసారికి ఆగుతాయి.

విక్సెన్ అంటే ఆడ గుంటనక్క. ఒక్కటే. రెండుంటే విక్సెన్స్. (వట్టి ‘నక్క’ అనకండి. మన విశాఖ పక్కన కంబాలకొండ అడవి వైపు రాత్రిళ్ళు ఊళ వేసేది జాకాల్, ఫాక్స్ కాదు.)

ఆక్సెన్‌లో ఎన్ బహువచనం. వుడెన్‌లో ‘దానితో చేసినది’ అని. విక్సెన్‌లో స్త్రీవాచకం. మూడూ వేరు, పలకడం ఒకలాగే. ‘అందగాడు’ పక్కన ‘అందగత్తె’ ఎలాగో, ఫాక్స్ పక్కన విక్సెన్ అలాగ. పాత ఇంగ్లీషులో వుల్ఫ్‌కి ఇదే ప్రత్యయం తగిలించి ఆడతోడేలు అనేవారు, గాడ్‌కి తగిలించి దేవత అనేవారు. అవి పోయాయి, ఇది మిగిలింది.

మరి ‘ఫా’ కాస్తా ‘వి’ ఎలా అయింది? ప్రత్యయంలో ఒకప్పుడున్న ‘ఇ’, ముందున్న ‘ఉ’ని (ఫాక్స్ పాత రూపంలో అచ్చు అదే) తన వైపు లాగేసింది. ‘పులి’కి ‘లు’ చేరితే ‘పులులు’ అవుతోంది కదా, అదే వరస. జర్మన్‌లో ఇప్పటికీ ఫుక్స్, ఫ్యుక్సిన్.

ఇక హల్లు. దక్షిణ ఇంగ్లండ్ పల్లెల్లో మాట మొదట ఎఫ్ వస్తే వి అని పలికేవారు. ఆ యాసలోంచి వచ్చి స్థిరపడిన మాట ఇది. పెద్ద తొట్టిని వ్యాట్ అనడం (పన్ను వ్యాట్ కాదు), గాలివాటం చూపే రేకుని వేన్ అనడం కూడా అలా వచ్చినవే. పరుషాలు, సరళాలు అంటూ సూత్రాలు బట్టీ పట్టించడం నాకు గిట్టదు. మన ఊరి పేరు తలుచుకోండి చాలు: విశాఖ దొరల నోట పడి వైజాగ్ అయింది. శ కాస్తా జ, ఖ కాస్తా గ.

మనిషికి వాడితే? 16వ శతాబ్దం చివరి నుంచి గయ్యాళి అని అర్థం. ‘నక్కజిత్తుల మనిషి’ అని రాసినవాళ్ళు కొట్టేయండి, అది మన నక్క గుణం. 20వ శతాబ్దంలో ‘ఆకట్టుకునే అందగత్తె’ అనే అర్థమూ చేరింది. పొగడ్తే కదా అని ఆఫీసులో ఎవర్నీ అనకండి.

అభ్యాసం: ఆదివారం జూకి వెళ్ళి, బోర్డుల మీంచి ఇరవై జంతువుల పేర్లు ఎక్కించుకోండి. ప్రతిదానికీ ఆడదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో, అది ప్రత్యయంతో వచ్చిందో విడిమాటో రాయండి. పక్కన తెలుగు మాట కూడా. పెట్ట, పెయ్య లాంటి మాట ఉండగా ‘ఆడ’ తగిలించి తప్పించుకుంటే ఒప్పుకోను. ‘విక్స్’ రాసినవాళ్ళు నలభై పేర్లు రాయాలి.