హోమ్‌కి మిషన్ ట్రిప్ వెళ్తున్నారా? ఆయమ్మల్ని మర్చిపోకండి

చర్చి నుంచి పిల్లల హోమ్‌కి మిషన్ ట్రిప్ అనగానే టీమ్ అంతా పాటలు, స్కిట్, బెలూన్లు, బిస్కెట్లు అని ప్లాన్ చేసుకుంటాం, అన్నీ బాగానే ఉంటాయి కానీ ఆ పిల్లల్ని ఏడాది పొడుగునా పెంచే ఆయమ్మలు, వార్డెన్ అక్కలు మాత్రం ఎవరి లిస్టులోనూ ఉండరు. నాకు ఏ హోమ్‌కి వెళ్ళినా చేతులెత్తి దండం పెట్టాలనిపించేది వాళ్ళకే. ఆ గౌరవం వాళ్ళకి నిజంగా పనికొచ్చేలా ఎలా చూపించాలో రాస్తున్నా.

ముందు ఫోన్ చేసి ఏ రోజు రావాలో వాళ్ళనే చెప్పమనండి, ఎందుకంటే పరీక్షలప్పుడో, తలంట్లు బట్టలు ఉతుకుడు పెట్టుకున్న రోజో మనం దిగితే ఆ పనంతా రాత్రికి జరిగి ఆయమ్మ నెత్తిన పడుతుంది. హోమ్‌కి రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా మొహమాటం లేకుండా అడగండి, జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో 41వ సెక్షన్ ప్రకారం అది తప్పనిసరి. ఏం తేవాలో కూడా అడగండి, కేకులు చాక్లెట్లు ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు, నూనె, సబ్బులు, కందిపప్పు, ప్యాడ్లు, దోమతెరలు, పేలదువ్వెనలు అడగందే ఎవరూ తేరు.

వెళ్ళాక మైక్ పట్టుకునే ముందు వంటింట్లోకి వెళ్ళి పలకరించండి. "అక్కా, ఏం పని చెప్తారు" అంటే మొదట "అయ్యో, మీరు కూర్చోండి సార్" అనే అంటారు, అయినా కూరగాయల దగ్గర కూర్చుని తరగడం మొదలుపెట్టండి. అప్పుడు మాట్లాడతారు. ఏ పిల్లకి పెరుగు పడదు, ఎవడు రాత్రి పక్క తడిపి పొద్దున్నే ఎవరికీ కనపడకుండా దుప్పటి దాస్తాడు, కొత్తగా వచ్చిన పాప లైటు తీస్తే ఎందుకు ఏడుస్తుంది, ఇవన్నీ వాళ్ళ నోటి చివర ఉంటాయి. స్కూలు టైమ్ లోపు అంతమందికీ నూనె రాసి జడలు వేసి, ఒకరికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని, మళ్ళీ తెల్లారేసరికి పొయ్యి దగ్గర ఉండే మనిషిని పక్కన కూర్చుని చూస్తే గానీ అర్థం కాదండీ.

ఇంకో ముఖ్యమైన విషయం, పిల్లలకి ఆ ఒక్కరోజు అమ్మానాన్న అయిపోవాలని చూడకండి. ఎవరైనా ఫోన్ ఇవ్వమన్నా, బయటికి తీసుకెళ్ళమన్నా "ఆయమ్మని అడుగు నాన్నా" అనండి. ఖాయంగా రాలేనప్పుడు మళ్ళీ వస్తానని మాటివ్వకండి, మనం బస్సెక్కాక ఆ ఏడుపు ఊరుకోబెట్టాల్సింది ఆమే. రొమేనియా అనాథాశ్రమాల పిల్లల మీద 2000లో బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో తేలింది కూడా ఇదే, ఆశ్రమం నుంచి పెంపుడు కుటుంబాల్లోకి వెళ్ళి, మారకుండా తమని చూసుకునే మనిషి దొరికిన పిల్లలు ఆశ్రమంలోనే ఉండిపోయిన వాళ్ళకంటే బాగా కోలుకున్నారు.

పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దు. పైన చెప్పిన జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 74వ సెక్షన్ కింద పిల్లల్ని గుర్తుపట్టేలా బయటపెడితే 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆయమ్మ ఫొటో అయినా అడిగే తీయండి. వేరే మతం వాళ్ళు కూడా పనిచేస్తుంటారు కాబట్టి, వాళ్ళ కోసం ప్రార్థన చేయొచ్చా అని అడిగాకే చేయండి.

వాళ్ళకంటూ ఏదైనా తీసుకెళ్ళండి, పిల్లలకి పంచగా మిగిలిన స్వెటర్లు కాదు, వాళ్ళకి నచ్చే రంగులో మంచి చీర, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెత్తటి చెప్పులు. ఇక టీమ్ కలెక్షన్ డబ్బు మిగిలితే గోడలకి పెయింట్ వేయిద్దాం అనుకునే ముందు మేనేజ్‌మెంట్‌తో కూర్చుని, రాత్రి డ్యూటీకి ఇంకో ఆయమ్మని పెట్టుకోవడానికి ఏడాది జీతం ఎంతవుతుందో అడగండి, మొత్తం కాకపోయినా కొన్ని నెలలదైనా మీ చర్చి తీసుకోగలదేమో చూడండి.