గేజీ ముల్లు 15 మీదే ఉన్నా బీడ్‌లో బ్లో హోల్స్ వస్తుంటే

మిర్యాలగూడలో రైస్ మిల్లు హోపర్లు కట్టే షెడ్డయినా, జడ్చర్ల దగ్గర ట్రాలీలు చేసే షెడ్డయినా సీఓటూ వెల్డింగ్‌లో (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ తెర కింద వైరు కరిగించి అతికే పద్ధతి) వచ్చే ఫిర్యాదు ఒకటే: బీడ్ (అతుకు గీత) నిండా బ్లో హోల్స్, అంటే గ్యాస్ బుడగల రంధ్రాలు. అడిగితే "గ్యాస్ మంచిగనే వస్తుందన్నా, ముల్లు 15 మీదనే ఉంది" అంటారు, అంటే నిమిషానికి 15 లీటర్లు. ఆ మాట నమ్మి వైరు మారుస్తారు, వోల్టేజ్ తిప్పుతారు, చివరికి సిలిండర్ వాపస్ పంపుతారు.

ముందు ఫ్యాన్ ఆపండి. మార్చి దాటిందంటే ఫ్యానో కూలరో వెల్డర్ మీదికే తిరిగి ఉంటుంది, ఆ గాలికి గ్యాస్ తెర చెదిరిపోతుంది. టార్చ్ (చేతిలో పట్టే గన్) కొసన ఉండే నాజిల్ ఊడదీసి స్పాటర్ (చిట్లి అంటుకున్న లోహపు చుక్కలు) గీకండి. ప్లేటు మీద తుప్పు, పెయింట్, ఆయిల్ ఉంటే గ్రైండర్ పట్టండి. ఈ మూడూ చేయకుండా మెషీన్ విప్పకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ముల్లు చూపేది ప్రెషర్, ఫ్లో కాదు

అయినా బ్లో హోల్స్ ఆగకపోతే సిలిండర్‌కు బిగించిన రెగ్యులేటర్‌కు రెండోవైపు, అంటే గ్యాస్ బయటికి పోయే వైపు, ఏముందో చూడండి. నిలువు గొట్టంలో గోళీ తేలుతుంటే అది నిజమైన ఫ్లో మీటర్, గ్యాస్ కదిలితేనే గోళీ లేస్తుంది. గొట్టం లేకుండా రెండు గుండ్రటి గేజీలే ఉండి, రెండోదాని మీద లీటర్లు రాసి ఉంటే అది లోపల ప్రెషర్ గేజీయే. అవుట్‌లెట్‌లో సన్నని కొలత రంధ్రం ఒకటి ఉంటుంది. ఇంత ప్రెషర్ ఉంటే ఆ రంధ్రంలోంచి నిమిషానికి ఇన్ని లీటర్లు పోతాయని లెక్కగట్టి డయల్ మీద అంకెలు వేశారు. రంధ్రం తర్వాత దారంతా తెరిచి ఉన్నప్పుడే ఆ లెక్క నిజం. పైపు మడత పడినా, డిఫ్యూజర్ (నాజిల్ లోపల గ్యాస్‌ను చుట్టూ పంచే ముక్క) రంధ్రాలు పూడినా ప్రెషర్ అలాగే నిలబడుతుంది కాబట్టి ముల్లు 15 మీదే ఉంటుంది. నాజిల్ దగ్గరికి మాత్రం 4, 5 లీటర్లు కూడా రాకపోవచ్చు.

తేల్చుకోవడం సులువు. ట్రిగ్గర్ వదిలేయండి. సోలినాయిడ్ (ట్రిగ్గర్‌తో తెరుచుకునే గ్యాస్ వాల్వ్) మూసుకున్నాక గోళీ కిందికి దిగాలి. దిగకుండా తేలుతూనే ఉందంటే మీటర్‌కూ ఫీడర్‌కూ (వైరును టార్చ్‌లోకి తోసే పెట్టె) మధ్య లీకేజీ ఉంది, లేదా సోలినాయిడ్ పూర్తిగా మూసుకోవడం లేదు. గేజీ రకం ముల్లయితే గ్యాస్ ఆగినా 15 దగ్గరే ఉండిపోతుంది, కాస్త పైకి కూడా పోతుంది.

దీనికి మందు నాజిల్‌కు తొడిగే చిన్న ప్లాస్టిక్ ఫ్లో టెస్టర్. ఫీడర్ మీది గ్యాస్ టెస్ట్ స్విచ్ నొక్కి, టెస్టర్‌ను నిలువుగా పట్టి చదవండి. ఆ స్విచ్ లేకపోతే ఫీడర్ రోలర్ వదులు చేసి ట్రిగ్గర్ నొక్కాలి, కానీ అప్పుడు వైరులో కరెంటు ఉంటుంది, జాబ్‌కు (వెల్డింగ్ చేసే వస్తువుకు) తగలనివ్వకండి. 1.2 ఎంఎం వైరుకు 12 నుంచి 15, 0.8కి 8 నుంచి 10 లీటర్లు నాజిల్ దగ్గర రావాలి. తక్కువ వస్తే టార్చ్ విప్పి ఫీడర్ అవుట్‌లెట్ దగ్గర చూడండి. అక్కడ సరిగా ఉంటే తప్పు టార్చ్‌లో: డిఫ్యూజర్, లోపలి గ్యాస్ దారి, వెనక ఓ-రింగులు. అక్కడా తక్కువే అయితే సోలినాయిడ్, పైపు. సిలిండర్ ట్రాలీ చక్రం కింద పైపు నలిగిందేమో కూడా చూడండి. జాయింట్లకు సబ్బు నీళ్లు పూస్తే లీకేజీయా, అడ్డమా తెలిసిపోతుంది.

తక్కువ వస్తుందని రెగ్యులేటర్‌ను 25కి తిప్పకండి. అడ్డం తీసిన రోజు గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, మళ్లీ అవే బ్లో హోల్స్.

సిలిండర్ ముందే అయిపోతుంటే

కిలో సీఓటూ సుమారు 540 లీటర్ల గ్యాస్ అవుతుంది. 30 కిలోల సిలిండర్ 15 లీటర్ల చొప్పున ఆర్క్ నడిచే సమయం 18 గంటలు రావాలి. సగమే వస్తుంటే, లీకేజీ లేదని తేలాక, అవుట్‌లెట్ నిపుల్ చూడండి. విరిగిందని మామూలు నిపుల్ వేసి ఉంటే కొలత రంధ్రం పోయింది. ఇప్పుడు ముల్లు 15 అన్నా పోయేది చాలా ఎక్కువ. ఆ మోడల్ నిపులే తెప్పించండి. ఆక్సిజన్ రెగ్యులేటర్ బిగించి "కిలోన్నర ప్రెషర్ పెట్టినా" (పెట్టాను) అనేవారిదీ ఇదే కథ: అది ప్రెషర్ మాత్రమే, ఎన్ని లీటర్లు పోతుందో అందులో లేదు.

సిలిండర్ వైపు గేజీ చూసి మిగిలిన సరుకు అంచనా వేయకండి. లోపల ద్రవం ఉన్నంతవరకు అది ఎండను బట్టి మారుతుంది: 20 డిగ్రీల దగ్గర 57 బార్ ఉంటే, 30 దగ్గర 72. తూకం వేసి, మెడ దగ్గర గుద్దిన ఖాళీ బరువు తీసేయండి.

ఇక మిగిలినవి

రెగ్యులేటర్ మీద మంచు కట్టి ఫ్లో ఊగుతుంటే హీటర్ ప్లగ్ చూడండి. మంట మాత్రం చూపించకండి. గ్యాస్ వాడనప్పుడు ముల్లు ఆగకుండా పైకి పాకుతుంటే రెగ్యులేటర్ లోపలి వాల్వ్ సీటు అరిగింది, రెగ్యులేటర్ మార్చండి. ఆర్గాన్ ఫ్లో మీటర్‌తో సీఓటూ నడిపితే వచ్చే తేడా 5 శాతం లోపే, దాని గురించి ఆలోచించొద్దు. గ్యాస్‌లో తేమ ఉందనేది అన్నిటికన్నా అరుదు, ఇవన్నీ చూశాకే సిలిండర్ మార్చి చూడండి.