ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నోరు పెగలకపోతే: సమస్య - పరిష్కారం

తిరుపతిలో డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసిన పిల్లలను శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమల ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తూ నేను పదేపదే సరిదిద్దిన లోపాలివి. వేళకు చేరుకోవడం, సర్టిఫికెట్లు వరుసగా సర్దుకోవడం మీకు తెలిసినవే. మిగతా లోపాలు వెతికే ముందు మీ రెజ్యూమేలో ప్రతి పంక్తి దగ్గరా ఆగి, దాని మీద ప్రశ్న వేస్తే రెండు నిమిషాలు మాట్లాడగలరో లేదో చూసుకోండి. అందరూ వదిలేసేది ఈ ఒక్క పనినే. స్నేహితుడి ఫైలులో పేరు మార్చి ప్రింటు తీయించుకున్నవారి కాగితంలో ఆ స్నేహితుడి హాబీలు అలాగే మిగిలిపోవడం కూడా చూశాను.

లక్షణం: "మీ గురించి చెప్పండి" అంటే గడగడా అప్పజెబుతారు, "ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిందేమిటి?" అనగానే ఆగిపోతారు.

కారణం: ఇంగ్లీషు రాకపోవడమేనని అందరూ అంటారు. నేనూ అలాగే నమ్మి దెబ్బతిన్నాను. మెకానికల్ డిప్లొమా చదివిన చిత్తూరు అబ్బాయి ఒకడికి మూడు నెలలు ఇంగ్లీషే నేర్పించాను; అయినా ప్రతిచోటా రెండో ప్రశ్న దగ్గరే వెనుదిరిగి వచ్చాడు. చివరికి విసిగిపోయి అదే ప్రశ్నను తెలుగులో అడిగితే, తెలుగులోనూ మౌనమే. లోపం భాషలో ఉండి ఉంటే తెలుగులోనైనా జవాబు రావాలి కదా. అతడు కంఠస్థం చేసిన పేరాలో అతడు చేసిన పని ఒక్కటీ లేదు.

పరిష్కారం: ప్రశ్నను ముందు తెలుగులో వేసుకొని, ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా పైకి చెప్పండి. ఆ అబ్బాయి ప్రాజెక్టు తోతాపురి మామిడికాయలను రంగునుబట్టి వేరుచేసే కన్వేయర్ బెల్టు. వాళ్లమ్మ ఎదుట కూర్చోబెట్టి చెప్పించగా, ఎండ పడినప్పుడు సెన్సరు పచ్చికాయను కూడా పండుగా చూపేదని, తాను దాని చుట్టూ నల్ల అట్టపెట్టె బిగించాక సరిగ్గా పనిచేసిందని బయటపడింది. జవాబంటే అదే: ఎదురైన చిక్కు, తాను చేసిన పని, వచ్చిన ఫలితం. వాటిని నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చడానికి ఒక సాయంత్రం చాలింది. "మీ బలహీనత ఏమిటి?", "ఒత్తిడిలో ఎలా పనిచేశారు?" అన్నవాటికీ ఇదే పరీక్ష పెట్టండి. తెలుగులో జవాబు ఉండి ఇంగ్లీషులో తడబడుతుంటే మాత్రమే భాష మీద సమయం పెట్టండి.

లక్షణం: జీతం ఎంత ఆశిస్తున్నారంటే తోచిన అంకె చెప్పి, తరువాత బాధపడతారు.

కారణం: వార్షిక ప్యాకేజీనీ చేతికొచ్చే జీతాన్నీ ఒకటిగా లెక్కించడం. చాలాచోట్ల యజమాని పీఎఫ్ (భవిష్య నిధి) వాటాను కూడా ప్యాకేజీలోనే చూపిస్తారు. మీ వాటాగా సాధారణంగా మూల వేతనం, కరువు భత్యం మీద 12 శాతం, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలోని ఉద్యోగంలో నెల వేతనం 21,000 రూపాయలు మించకపోతే ఆ వేతనం మీద మరో 0.75 శాతం కోత పడుతుంది.

పరిష్కారం: నెలకు చేతికెంత రావాలో ఇంట్లోనే లెక్క వేసుకోండి. బస్సు, క్యాంటీన్ కంపెనీవేనా అని అడిగాకే అంకె చెప్పండి.

నోరు ఎండిపోతే ఒక గుక్క నీళ్లు తాగండి. ఉద్యోగం ముందే ఎవరికో ఖాయమైపోయి ఉండడం అరుదు, అది మీ చేతిలోనూ లేదు. దాన్ని వదిలేసి తరువాతి ఇంటర్వ్యూకు వెళ్లండి.