మిర్చి సీజన్ రాకముందే ట్రయాథ్లాన్

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. మిర్చి రాక జోరందుకుంటే నాకు పొద్దూ ఉండదు, మాపూ ఉండదు. ఆ ఘాటులో పరుగు సంగతి సరే, మెట్లెక్కినా దగ్గే. అందుకే మేం సెప్టెంబర్ మధ్యలో మొదలుపెట్టి డిసెంబర్ ట్రయాథ్లాన్‌కు, అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీకి, తయారయ్యాం. మొత్తం పన్నెండు వారాలు. మీరు కూడా ముందు క్యాలెండర్ దింపి పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, పత్తి ఏరే రోజులు గుర్తు పెట్టుకోండి. ఫీజు కట్టడం ఆ తర్వాతే. దసరా వారం సగం ప్రాక్టీసే అనుకోండి. సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున్నే అయిదింటికి ఎవరూ లేవరు, మేమూ లేవలేదు.

మొదటిసారి స్ప్రింట్ అనే చిన్న పోటీ చాలు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. ఐరన్‌మ్యాన్ అయితే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన ఫుల్ మారథాన్ పరుగు. దాని గురించి ఇప్పుడు మాట్లాడుకోవద్దు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

మేం ముగ్గురం. మా బావమరిదిది పరకాల దగ్గర పల్లె, బావిలో ఈత నేర్చినవాడు. లెక్చరర్ సార్ ఏళ్లుగా కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌లో పరిగెత్తుతున్నారు. నాకు వచ్చింది సైకిల్ ఒక్కటే. ఎవరికి ఏది వస్తే ఆ రోజు వాళ్లే మేస్త్రి అనుకున్నాం. మేస్త్రి ముందు కాదు, అందరికంటే వెనక రావాలి. ఈ షరతు లేక మొదటి మూడు వారాలు పాడుచేసుకున్నాం. రోజూ పందెమే. సార్ వెనక ఉరికి ఉరికి నా మోకాలు వాచింది. ఆ తర్వాత వేగం వారంలో ఒక్క రోజుకే పెట్టుకున్నాం. మిగతా రోజులు మార్కెట్ ధరల గురించి మాట్లాడుకుంటూ పరిగెత్తేంత నెమ్మది. పూర్తి వాక్యం చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే. మంగళ, గురువారాలు ఈత, బుధవారం పరుగు, శుక్రవారం సైకిల్, ఆదివారం సైకిల్ దిగి పరుగు. సోమ, శనివారాలు సెలవు. ఆలస్యంగా వచ్చినవాడిదే టిఫిన్ బిల్లు. సెప్టెంబర్‌లో చాలాసార్లు నేనే కట్టాను.

ఈత దగ్గర ఎక్కువసేపు ఆగాలి. చాలామంది భయపడేది, ఆగిపోయేది అక్కడే. బెండ్లు కట్టుకుని బావిలో నేర్చుకున్నవాళ్లకు మునిగే భయం ఉండదు కానీ తల పైకెత్తి ఈదడం అలవాటు. మా బావమరిది గంటసేపు నీళ్ల మీద తేలుతాడు, కొలనులో నాలుగు లెంగ్తులకు (ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లెంగ్తు) మెడ పట్టేస్తుంది. తల ఎత్తితే నడుము కిందికి దిగుతుంది, నీళ్లు బ్రేకు వేసినట్టు ఆపుతాయి. ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో బుడగలు వదలడం, పక్కకు తిరిగి నోటితో పీల్చుకోవడం, మొదటి రెండు వారాలు ఇంతే చేయండి. ఊపిరంతా లోపల బిగబట్టి తల తిప్పేవాళ్లకు పీల్చుకోవడానికి చోటే ఉండదు. నా సంగతి అదే. "బావా, నువ్వు ఈదుతలేవు, నీళ్లతోని కొట్లాడుతున్నవ్" అన్నాడు వాడు. పాతిక మీటర్ల కొలనులో ముప్పై లెంగ్తులైతే 750. ఆగి ఆగి అయినా ఆరో వారానికి పూర్తి చేయండి, ఆగకుండా పదో వారానికి.

కొలనులో అడుగు కనిపిస్తుంది, గీత కనిపిస్తుంది. పోటీ చెరువులోనో సముద్రంలోనో ఉంటే కింద నలుపు తప్ప ఏమీ కనిపించదు. గుండె దడ అక్కడే మొదలవుతుంది. అలాగని వడ్డేపల్లి చెరువులో దిగకండి, అది ఊరు తాగే నీళ్లు. పాకాలలో అసలే వద్దు, మొసళ్లుంటాయి. మాకు పనికొచ్చింది బావమరిది వాళ్ల వ్యవసాయ బావే. అంత లోతు నల్లటి నీళ్లలో గుండ్రంగా ఈదితే దూరం రాదు, భయం పోతుంది. కానీ మోటారు స్టార్టర్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే దిగాలి. నీళ్లలోకి కరెంటు వస్తే ఈత వచ్చినా లాభం లేదు. ఒకరు ఎప్పుడూ గట్టు మీద ఉండాలి, చేతిలో తాడు, ట్యూబు. నేరుగా వెళ్లడం మాత్రం కొలనులోనే నేర్చుకోండి: చివర గట్టు మీద రంగు బాటిల్ పెట్టి, ఎనిమిది బారలకోసారి కళ్లు మాత్రం పైకి తేల్చి దాన్ని చూడాలి.

సైకిల్‌కు లక్షలు పెట్టక్కర్లేదు. మామూలు గేర్ల సైకిల్ చాలు, హెల్మెట్ తప్పనిసరి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి, సీటు అంత ఎత్తులో బిగించండి. ములుగు రోడ్డు మీద ఆత్మకూరు వైపు పది కిలోమీటర్లు పోయి తిరిగొస్తే 20. నవంబర్‌లో జాగ్రత్త, ఊళ్ల దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. మసకలో నేను ఆ రాళ్ల మీదికే పోయాను. మోచేయి గీసుకుపోయింది. వడ్లు చెల్లాచెదురైన ఆ ముసలాయన ముందు నా చెయ్యి చూసి, తర్వాత తిట్టాడు. ముందు లైటు, వెనక ఎర్ర లైటు కొనండి. చాలా పోటీల్లో ముందువాడి చక్రానికి అంటుకుని తొక్కనివ్వరు కాబట్టి ప్రాక్టీసులోనూ దూరం పాటించండి.

పరుగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కష్టమంతా సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తడంలో. కాళ్లు గుంజల్లా ఉంటాయి, ఎవరివో అనిపిస్తుంది. ఆదివారం పదిహేను కిలోమీటర్లు తొక్కి వెంటనే రెండు కిలోమీటర్లు పరిగెత్తండి, తర్వాత మెల్లగా పెంచండి. సైకిల్ దిగబోయే ముందు గేరు తేలిక చేసుకుని తొక్కితే కాస్త నయం.

పొద్దున్నే ఒక అరటిపండు చాలు. సర్వపిండి తిని సైకిలెక్కితే ఏమవుతుందో సార్‌ను అడగండి. తిరిగొచ్చాక ఇడ్లీ, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. పోటీ రోజున కొత్తది ఏదీ తినకూడదు, కొత్త బూట్లు అసలే వద్దు.

ఇక ఈత అయ్యాక సైకిల్‌కు తయారయ్యే తంతు. దాన్నీ ప్రాక్టీస్ చేయాలి, మేం మా వాకిట్లో చేశాం. తువాలు పరిచి దాని మీద వాడే వరసలో హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు, నీళ్ల సీసా. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, తొక్కడం అయ్యాక సైకిల్ స్టాండులో పెట్టేదాకా విప్పకూడదు. ఇది రూల్. మూడుసార్లు తడి ఒంటితో ఉరికొచ్చి చేసేసరికి నాకు నాలుగు నిమిషాలు పట్టేది రెండున్నరకు వచ్చింది. నాలుగోసారి పక్కింటామె గేటు దగ్గర నిలబడి, "ఏమైంది అన్నా, నీళ్లు బందయినయా?" అంది.