నడుస్తున్న సర్వర్‌లో డేటాను పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు మార్చే పద్ధతి

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలతో లారీ కాటా మీదికి ఎక్కిన ప్రతిసారీ దాని తూకం, బిల్లు ఆఫీసులోని లినక్స్ సర్వర్‌లో నమోదవుతాయి. ఆ సర్వర్‌ను ఒక పూట ఆపితే లారీలు రోడ్డు మీద బారులు తీరతాయి. అందువల్ల డిస్కు పాతబడినప్పుడు డేటాబేస్ నడుస్తుండగానే డేటాను కొత్త డిస్కులోకి మార్చవలసి వస్తుంది. ఇక్కడ చెప్పే పద్ధతికి డేటా ఎల్‌వీఎం మీద, అంటే డిస్కులను ఒక గ్రూపుగా కలిపి వాటి స్థలాన్ని పంచే లినక్స్ ఏర్పాటు మీద, ఉండాలి. లేకపోతే చాలాసార్లు సర్వీసును కొంతసేపు ఆపవలసి వస్తుంది.

చాలామందికి ముందుగా ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ గుర్తుకొస్తుంది. నడుస్తున్న డేటాబేస్‌కు అది చాలదు. ఒక ఫైలు కాపీ అవుతుండగానే మరొక ఫైలు మారిపోతుంది కనుక, చివరికి చేతికొచ్చే కాపీలో ఒక్కో ముక్క ఒక్కో సమయానిది అవుతుంది. ఎల్‌వీఎంలోని తరలింపు ఆదేశమైన పీవీమూవ్ అలా కాక ఫైల్ సిస్టమ్‌కు కింది స్థాయిలో పనిచేస్తుంది. అది డేటాను ఎక్స్‌టెంట్ల లెక్కన, అంటే మామూలుగా 4 ఎంబీల ముక్కల లెక్కన తరలిస్తుంది. తరలింపులో ఉన్న భాగానికి తాత్కాలికంగా మిర్రర్ (జంట ప్రతి) ఏర్పరచి, ఆ సమయంలో వచ్చే కొత్త రాతలను రెండు డిస్కులకూ పంపి, ఆ భాగం పూర్తయ్యాక చిరునామాను కొత్త డిస్కు వైపు తిప్పుతుంది. పైనున్న డేటాబేస్‌కు ఈ మార్పు తెలియదు.

మొదలుపెట్టే ముందు వేరొక యంత్రంలోకి బ్యాకప్ తీసి, దానిని ఒకసారి రీస్టోర్ చేసి చూడాలి. తరలింపు సాగుతున్నంతసేపు డేటా రెండు డిస్కుల మీద చెదిరి ఉంటుంది కనుక, ఏది పోయినా నష్టమే. తరువాత డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్‌సీటీఎల్‌తో పాత డిస్కు స్థితిని పరిశీలించాలి. చదవలేని సెక్టార్లు కనిపిస్తే పీవీమూవ్ జోలికి వెళ్లకుండా, సర్వీసును ఆపి, చెడిన డిస్కు నుంచి డేటాను రాబట్టే డీడీరెస్క్యూ వాడడమే క్షేమమని నా అభిప్రాయం. రెండు డిస్కుల లాజికల్ సెక్టార్ సైజునూ, డిస్కుల వివరాలు చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేతో పోల్చి చూడాలి. పాతది 512 బైట్లు, కొత్తది 4096 బైట్లు అయితే, 512 మీద తయారైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ కొత్త డిస్కు మీద మౌంట్ కాకపోవచ్చు. అటువంటి డిస్కును పాత డిస్కు ఉన్న వాల్యూమ్ గ్రూపులో చేర్చబోతే ఎల్‌వీఎం నిరాకరిస్తుంది. ఆ నిరాకరణను సెట్టింగు మార్చి దాటవేయకూడదు.

అన్నీ సరిపోయాక, ‘పీవీక్రియేట్ /డెవ్/ఎస్‌డీసీ’తో కొత్త డిస్కును సిద్ధం చేసి, వీజీఎక్స్‌టెండ్‌తో వాల్యూమ్ గ్రూపులో చేర్చి, పాత డిస్కులో వాడిన స్థలం కంటే కొత్తదానిలో ఖాళీ ఎక్కువ ఉందని, డిస్కుల స్థలాన్ని చూపే పీవీఎస్‌తో నిర్ధారించుకోవాలి. ఇక్కడ ఎస్‌డీబీ పాత డిస్కు, ఎస్‌డీసీ కొత్తది. ఆ తరువాత, కనెక్షన్ తెగినా ఆదేశం ఆగకుండా ఉంచే టీమక్స్ లోపల ‘పీవీమూవ్ -ఐ 10 /డెవ్/ఎస్‌డీబీ /డెవ్/ఎస్‌డీసీ’ అని నడిపితే, ఎంత శాతం పూర్తయిందో పది సెకన్లకొకసారి కనిపిస్తుంది. ఈ సమయంలో డిస్కు వేగం తగ్గుతుంది కనుక కాటా దగ్గర రద్దీ తగ్గాక రాత్రి మొదలుపెట్టడం మంచిది.

తుపానులు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో యూపీఎస్ బ్యాటరీని పరీక్షించనిదే ఈ పనికి పూనుకోవద్దు. ఒకవేళ కరెంటు పోయి సర్వర్ ఆగినా కంగారు పడనక్కరలేదు. తిరిగి లేచాక డిస్కుల పేర్లేవీ ఇవ్వకుండా ఒట్టి పీవీమూవ్ అని కొడితే, చివరిగా నమోదైన చోటు నుంచి పని కొనసాగుతుంది. మానుకోవాలనుకుంటే ‘--అబార్ట్’ ఉంది. అప్పటికే పూర్తయిన భాగాలు కొత్త డిస్కులోనే ఉండిపోతాయి, మిగిలినవి పాతదానిలోనే ఉంటాయి.

పాత డిస్కులో వాడిన స్థలం సున్నా అని పీవీఎస్ చూపాక, దానిని గ్రూపు నుంచి తీసే వీజీరెడ్యూస్, ఎల్‌వీఎం గుర్తును చెరిపే పీవీరిమూవ్ నడపాలి. బూట్ విభాగం గానీ స్వాప్ గానీ అదే డిస్కు మీద ఎల్‌వీఎం బయట ఉన్నాయేమో కూడా చూడాలి, ఎందుకంటే పీవీమూవ్ వాటిని తరలించదు. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు రీబూట్‌తో తారుమారు కావచ్చు కనుక, డిస్కును ఊడదీసే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే చూపే సీరియల్ నంబరును డిస్కు లేబుల్ మీది నంబరుతో అక్షరం అక్షరం సరిపోల్చుకోవాలి.